వసంతానికి ఆగిన ముఖం

ఏసహెల్ ప్రౌటీ వేసిన మొట్టమొదటి బొమ్మ ఒక సింహానిది. వెర్మాంట్ కొండల్లోని గ్రాండీ అనే ఊరి కూడలిలో ఒక సత్రం ఉండేది. దాని గుమ్మానికి వేలాడదీయడానికి ఒక మృగరాజు కావాలని సత్రం యజమాని కర్టిస్ ముచ్చటపడ్డాడు. ఏసహెల్ అప్పటికి పంతొమ్మిదేళ్ళవాడు. గుర్రబ్బళ్ళకు రంగులు వేసే కొట్టులో పని నేర్చుకుంటున్నాడు. సింహాన్ని ఎన్నడూ చూడలేదు. ఊళ్ళో మరెవరూ చూడలేదు గనుక పోలిక గురించి బెంగపడవలసిన పని లేకపోయింది. జూలు బాగానే కుదిరింది. ముఖం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎదురుగా ఉన్న ప్రాణి యజమాని ఒక్కడే. బోర్డు గుమ్మానికెక్కిన వారం రోజుల్లో నాలుగు ఊళ్ళ జనం బళ్ళు ఆపి, తలలెత్తి, "ఒరే, ఇది మన కర్టిస్ కాదుట్రా!" అని పడిపడి నవ్వారు. కర్టిస్‌కు కోపం రాలేదు సరికదా, జూలు లేకుండా ఇంకోటి వేసిపెట్టమన్నాడు.

అలా ఒక మృగరాజు చలవ వల్ల ఆ కొండలకు ఒక ముఖచిత్రకారుడు దొరికాడు. దీనివల్ల కళకు జరిగిన లాభమెంతో, నష్టమెంతో తేల్చగల పండితులు ఇంకా పుట్టలేదు.

ఆ రోజుల్లో ఆ వృత్తికి ఒక పద్ధతి ఉండేది. నవంబరులో మంచు పడితే దారులు మూసుకుపోతాయి. ఏసహెల్ గుర్రాన్ని కొట్టంలో కట్టేసి, అన్న జోథమ్ ఇంట్లో వంటగది మూల ఒక కుర్చీ వేసుకుని, మే నెల దాకా ఒళ్ళు వేసేవాడు. ఒళ్ళంటే ఒళ్ళే. నల్లకోటు, తెల్లని మెడకట్టు, వెనక ఎర్రని తెర, చంకలో ఒక పుస్తకం. ఆడవాళ్ళకైతే నల్లపట్టు గౌను, లేసు కాలరు. మెడ దాకా వచ్చి ఆగిపోయేవాడు. ఆపైన కోడిగుడ్డు ఆకారంలో ఖాళీ. చలికాలం ముగిసేసరికి పదిహేనో పదహారో మొండేలు తయారయ్యేవి. దారుల్లో బురద ఎండగానే వాటిని బండిలో పేర్చుకుని ఊళ్ళ మీద పడేవాడు. రైతులు తమ కొలతకు సరిపోయే ఒంటిని ఎంచుకునేవాళ్ళు. ఏసహెల్ వాళ్ళింట్లోనే దిగి, బీన్సూ మొక్కజొన్న రొట్టే తింటూ, రోజున్నరలో ముఖం అతికించి వెళ్ళేవాడు. ఒళ్ళు చలికాలం పని, ముఖం వసంతం పని. ఈ నియమాన్ని అతనికి ఎవరూ నేర్పలేదు. అందుకే దాన్ని అంత నిష్ఠగా పాటించేవాడు.

నియమం వల్ల అప్పుడప్పుడు చిక్కులు రాకపోలేదు. ఒక ఏడు నల్లకోట్లన్నీ అయిపోయాక చర్చి పెద్ద ఎలైహూ బార్‌స్టో కబురంపాడు. బండిలో మిగిలిందల్లా ఇత్తడి గుండీల నీలం సైనికకోటు ఒక్కటే. గత్యంతరం లేక ఆ పుణ్యపురుషుడి ముఖాన్ని దాని మీదనే నిలబెట్టాడు ఏసహెల్. బార్‌స్టో గారు బొమ్మను చాలాసేపు చూసి, "వ్యర్థాడంబరం" అన్నారు. దాన్ని హాల్లో పొయ్యి మీద తగిలించారు. మరుసటి ఏడు, యాభయ్యారో ఏట, ఊరి పటాలంలో పేరు రాయించుకున్నారు.

ఏసహెల్ బండి లాగే గుర్రం పేరు జడ్జి. ఏ మలుపు దగ్గరైనా కాసేపు ఆగి, రెండు పక్షాల వాదనా విన్నట్టు తల వంచి, తర్వాత గాని కదిలేది కాదు. ఆ గుర్రం పోయాక కొన్న గుర్రమూ జడ్జే, దాని తర్వాతదీ జడ్జే. పదవి శాశ్వతం, వ్యక్తులు మారుతుంటారు.

ఇక అసలు సంగతికి రావాలి. ఆ సంగతి పేరు మెహిటబెల్.

అది ఏసహెల్‌కు ఇరవయ్యారేళ్ళ నాటి జనవరి. మెహిటబెల్ ఇంటింటా నాలుగైదు వారాలు మకాం పెట్టి, ఆ ఇంటిల్లిపాదికీ ఏడాదికి సరిపడా బట్టలు కుట్టిపెట్టి, ఇంకో ఇంటికి కదిలిపోయే కుట్టుపని మనిషి. సొంతూరు పదిహేను మైళ్ళ అవతల బర్చ్ హాలో. అక్కడ ఆమె అన్న ఉంటాడు. ఏసహెల్ వదిన కెజయా ఆ ఏడు ఒక నల్లపట్టు గౌను కుట్టించుకుందామని ఆమెను పిలిపించింది. మంచుబండి దిగి, సూదుల పెట్టె చేతపట్టుకుని వంటగదిలోకి వచ్చిన మెహిటబెల్ గోడ పొడుగునా వరసగా నిలబడ్డ మొండేలను ఒక్కొక్కటే చూసింది.

"ఇంట్లో ఇంతమంది పెద్దమనుషులుండి, వచ్చిన మనిషిని ఒక్కరూ పలకరించరేం?" అంది.

మూల నుంచి ఏసహెల్ గొంతు సవరించుకున్నాడు. "వాళ్ళకి తలల్లేవండీ."

"తలలున్నవాళ్ళు మాత్రం ఏం పలకరించారు గనక. నేనొచ్చి పావుగంటయింది."

కెజయా పొయ్యి దగ్గర నుంచి పకపకా నవ్వింది. "బాగా పెట్టావమ్మాయ్! మా మరిదికి మెడ పైన సంగతులు మే నెల దాకా పట్టవు."

మెహిటబెల్ నవ్వలేదు. ఒక నల్లకోటు ముందు ఆగింది. "ఈయన చెయ్యేది?"

"కోటులో."

"ఈయనది?"

"అదీ కోటులోనే."

"మరి ఈవిడది?"

"శాలువా కింద."

"పాపం, అందరికీ చలే."

ఏసహెల్ చెవులు ఎర్రబడ్డాయి. ఇంతవరకూ ఏ గిరాకీ ముందూ ఒప్పుకోని నిజాన్ని ఆ పూట ఒప్పేసుకున్నాడు. "చేతులు నాకు రావండీ. ఎలా వేసినా వంకాయల్లా వస్తాయి."

ఆమె రెండు చేతులూ తీసి బల్ల మీద పెట్టింది. "ఇవిగో. ఆరు వారాలు ఇక్కడే ఉంటాయి. నేర్చుకోండి."

ఎడమ చిటికెన వేలు బయటికి వంగి ఉంది. ఎనిమిదేళ్ళప్పుడు మగ్గం దూలం మీద పడిందట. ఏసహెల్ తనకు చేతనైనంత మర్యాదగా, "బొమ్మలో ఆ వేలు తిన్నగా చేసేస్తాలెండి" అన్నాడు.

"తిన్నగా చేస్తే అది నా చెయ్యెలా అవుతుంది? తిన్నని చేతులు మీ దగ్గర బోలెడున్నాయిగా, కోటుల్లో."

మరునాటి నుంచి పని మొదలైంది. గౌను చేతులు ఎలా జారుతున్నాయో చూడటానికి మెహిటబెల్ కెజయా పట్టుగౌను తనే వేసుకుని కిటికీ దగ్గర కూర్చునేది. చేతిలో కుడుతున్న లేసు. ఎదురుగా ఏసహెల్ కాన్వాసు బిగించి కూర్చునేవాడు. ఆలోచిస్తే ఇద్దరిదీ ఒకటే వ్యాపారం. ఆమె మెడ కిందకి గుడ్డ కుడుతుంది, అతను మెడ కిందకి గుడ్డ గీస్తాడు. ఇద్దరూ ఊరూరా తిరిగేవాళ్ళే. ఏ ఊళ్ళో పరుపులు మెత్తన, ఏ ఇంట్లో పులుసు పల్చన, ఏ పెద్దాయన భోజనానికి ముందు ప్రార్థన పళ్ళెం చల్లారేదాకా సాగిస్తాడు అనే విషయాల మీద వాళ్ళిద్దరికీ ఉన్నంత పరిజ్ఞానం ఆ చుట్టుపక్కల మరెవరికీ లేదు. ఆరు వారాలూ ఆ శాస్త్రచర్చే జరిగింది.

"నా గౌను నా ఒంటి మీదికి రాకముందే బొమ్మకెక్కింది" అని కెజయా సణిగేది. "బట్ట నాది, చేతులు దానివి, ముఖం ఎవరిదీ కాదు. ఏం బొమ్మయ్యా ఇది?"

అయితే ఆ బొమ్మ ఏసహెల్ వేసిన వాటన్నింటిలోకీ గొప్పది. ఆ మాట అతను అనలేదు గాని అతనికి తెలుసు. పట్టు మీద కిటికీ వెలుతురు నిజంగా జారుతోంది. చేతులు వంకాయలు కావు. లేసులోంచి సూది దిగబోతున్న క్షణం అక్కడ ఆగి ఉంది. ఎడమ చిటికెన వేలు తన దారిన తను బయటికి వంగి ఉంది. మెడ దగ్గర, లేసు కాలరు పైన, ఎప్పటిలాగే ఖాళీ.

ఆరో వారం ఆఖరి రోజున మెహిటబెల్ సూదులు సర్దుకుంటూ బొమ్మ వైపు చూసింది.

"మరి ముఖం?"

"ముఖాలు వసంతంలో అండీ."

"ఆరు వారాలు మీ ఎదురుగా కూర్చున్నాను. ముఖం కూడా ఆ పక్కనే ఉండింది."

ఏసహెల్ పొయ్యి వెలుతురులో చర్మం పసుపు కొడుతుందని చెప్పాడు. చలికాలం రంగు ఆరదని చెప్పాడు. వృత్తిధర్మమని చెప్పాడు. చెప్పనిది ఒకటుంది. ముఖం ఇప్పుడే అయిపోతే, వసంతంలో బర్చ్ హాలో వెళ్ళి ఆమె అన్న గుమ్మం ఎక్కడానికి అతని దగ్గర సాకు ఉండదు. ఆ గుమ్మంలో అతను ముఖంతో పాటు ఇంకొకటి కూడా అడుగుదామనుకున్నాడు. ఆ రెండోదాన్నీ మొదటిదానితో కలిపి వసంతానికి వాయిదా వేశాడు.

మెహిటబెల్ పెట్టె మూత వేసింది. "సరే. వసంతంలోనే" అంది.

మే నెల రెండో వారంలో బురద ఎండింది. బండిలో పదిహేను ఒళ్ళూ, వాటి మీద ఎర్రని ఉన్నిగుడ్డలో చుట్టిన పదహారోదీ. జడ్జి ప్రతి మలుపులోనూ ధర్మసందేహాలు తీర్చుకుని బర్చ్ హాలో చేరేసరికి సాయంత్రమైంది. మెహిటబెల్ అన్న పశువులకు నీళ్ళు పెడుతున్నాడు.

"ఆలస్యమైపోయిందయ్యా. ఏప్రిల్లో పెళ్ళయింది. ఇద్దరూ ఒహాయో వెళ్ళిపోయారు. డోరస్ విల్‌కాక్స్ అని, పీపాలు చేస్తాడు. మంచివాడేలే. ఫిబ్రవరిలో గడ్డకట్టిన నది మీంచి నడుచుకుంటూ వచ్చి అడిగాడు."

ఫిబ్రవరిలో! ఏ వృత్తిధర్మమూ లేని మనిషి.

ఏసహెల్ ఆ రాత్రి అక్కడే భోంచేసి, పొద్దున్నే ఆ అన్నగారి ముఖాన్ని ఒక నల్లకోటుకు అతికించి, తన దారిన తను పోయాడు. పదహారోది ఉన్నిగుడ్డలోనే ఉంది.

అప్పటి నుంచి ఏసహెల్ జీవితంలో కోరిక అనదగ్గది ఒక్కటే మిగిలింది. ఆ కాన్వాసు మీదికి ఆ ముఖం రావాలి. తక్కిన కోరికలన్నీ, అంటే వేడి భోజనం, తడవని పరుపు, మాట్లాడని గిరాకీ లాంటివి అందరికీ ఉండేవే.

ప్రతి వసంతం ఆ కాన్వాసు బండెక్కేది, ప్రతి నవంబరూ దిగేది. చూసినవాళ్ళందరికీ అదే కావాల్సి వచ్చేది. ఒక న్యాయవాది భార్య ఉన్నిగుడ్డ తొలగించి చూసి, తన నిజమైన చేతుల్ని వెనక్కి దాచుకుని, "నాకు ఈ చేతులే కావాలి" అని పట్టుబట్టింది.

"అది ఒకరిదండీ."

"ఎవరిది? ముఖమే లేదుగా!"

"ముఖం ఇంకా రాలేదు."

"ఎప్పుడొస్తుంది?"

"వసంతంలో" అన్నాడు ఏసహెల్. అది జూన్ నెల.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. ఏసహెల్‌కు ముఖాల జ్ఞాపకం అసాధారణం. మూడు జిల్లాల్లో ఎవరి ముక్కు ఎక్కడ వంగుతుందో, ఎవరి కనుబొమ ఎక్కడ తెగుతుందో కళ్ళు మూసుకుని గీసేవాడు. పదేళ్ళ కిందట చనిపోయిన కర్టిస్‌ను ఇప్పటికీ గీయగలడు, జూలుతోనైనా సరే, లేకుండానైనా సరే. మెహిటబెల్ ముఖం ఒక్కటి మాత్రం గుర్తు రాలేదు. ప్రతి మార్చిలో, ఊరంతా మేపుల్ పాకం కాచే పొగలో మునిగి ఉండగా, అతను ఒక కాగితం తీసుకుని ప్రయత్నించేవాడు. ఒకసారి బార్‌స్టో గారి గడ్డం వచ్చేది. ఒకసారి న్యాయవాది భార్య నుదురు వచ్చేది. గొంతు గుర్తుంది, వేలు గుర్తుంది, "పాపం, అందరికీ చలే" అన్న తీరు గుర్తుంది. ఆరు వారాలు ఎదురుగా కూర్చుని అతను చూసింది మరి చేతుల్నే. ముఖం వైపు చూడటానికి ధైర్యం చాలక, దాన్ని వసంతానికని అట్టేపెట్టుకున్నాడు.

"ఇంకెవర్నయినా చేసుకోరాదూ మరిదీ" అనేది కెజయా. "ఊళ్ళో తలలున్న ఆడవాళ్ళు లేకపోలేదు."

"చూద్దాంలే వదినా."

"ఎప్పుడు? వసంతంలోనా?"

ఏళ్ళు గడిచాయి. ఊళ్ళలోకి పెట్టెలవాళ్ళు దిగారు. ఆ పెట్టె ముందు కూర్చుంటే చాలు, వెండి పూసిన రేకు మీద మనిషి ఉన్నదున్నట్టు అచ్చవుతాడు. ముఖం, ఒళ్ళు, చేతులు, అన్నీ ఒకేసారి, పదిహేను అంకెలు లెక్కపెట్టేలోగా. పెద్ద ఊళ్ళు ఏసహెల్‌ను మర్చిపోయాయి. అతను కొండల లోపలికి, ఇంకా లోపలికి, పెట్టెలు ఎక్కలేని దారుల్లోకి జరిగిపోయాడు. చివరికి అక్కడా రేకులు చేతికిచ్చి, "దీన్ని చూసి పెద్దది చేసిపెట్టు" అనడం మొదలుపెట్టారు. రేకుల్లో మనుషులందరూ ఏదో దొంగతనం ఒప్పుకోబోతున్నట్టు బిగుసుకుని ఉంటారని ఏసహెల్ అభిప్రాయం. అడిగినవాళ్ళు లేక ఆ అభిప్రాయం వెలుగులోకి రాలేదు.

అన్న జోథమ్ పోయాడు. ఇంట్లో ఏసహెల్, కెజయా, మూడో జడ్జి మిగిలారు. చలికాలాల్లో ఒళ్ళు నాలుగైదుకు తగ్గాయి. గోడ మీద ఇప్పుడు చోటు చాలా ఉంది.

అతనికి యాభై మూడేళ్ళు వచ్చిన జనవరిలో, ఒక ఉదయం, మంచుబండి గంటలు వినిపించాయి. తలుపు తీస్తే నల్ల దుస్తుల్లో ఒక పెద్దావిడ. కళ్ళజోడు. తలగుడ్డ మీద మంచు. ఏసహెల్ ఆమెను చూశాడు. మూడు జిల్లాల ముఖాలు ఎరిగినవాడు, ఈ ముఖాన్ని ఎరగడు.

"ఏం కావాలండీ?"

"తలలున్నవాళ్ళు ఇప్పటికీ పలకరించరన్నమాట" అందావిడ. కుడిచేతి ఉన్నితొడుగు లాగింది. తర్వాత ఎడమది. చిటికెన వేలు బయటికి వంగి ఉంది.

ఏసహెల్ తలుపు పట్టుకున్నాడు. చలి లోపలికి వస్తోందని కెజయా లోపల్నుంచి అరిచింది. ఎవరని అడిగింది. తనే వచ్చి చూసి, "ఓసి దేవుడా, నా గౌను కుట్టిన పిల్ల!" అని చెయ్యి పట్టుకుని పొయ్యి దగ్గరికి లాక్కుపోయింది.

మెహిటబెల్ వేడి ఆపిల్ సైడరు తాగుతూ ఇరవయ్యేడేళ్ళను నాలుగు మాటల్లో చెప్పింది. డోరస్ నాలుగేళ్ళ కిందట పోయాడు. ఒక్కతే కూతురు, లోయిస్. ఇరవై మూడో ఏట, మొన్న ఆగస్టులో, ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది. ఇక అక్కడ ఎవరూ లేరని బర్చ్ హాలోలో అన్న దగ్గరికి వచ్చేసింది. చెప్పి, సంచిలోంచి చేతిగుడ్డలో చుట్టిన రేకు తీసి ఏసహెల్‌కిచ్చింది.

ఏసహెల్ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. రేకు మీద ఒక పిల్ల కూర్చుని ఉంది. గళ్ళ గౌను ప్రతి గడీ స్పష్టం. గుండీలు స్పష్టం. ఒళ్ళో చేతులు స్పష్టం. మెడ పైన మాత్రం పొగ.

"కదలొద్దన్నాడు పెట్టెవాడు" అంది మెహిటబెల్. "అది కదల్లేదు. దగ్గొచ్చింది. దగ్గు వింటుందా? ఇంకోసారి కూర్చోబెడదామంటే, వచ్చే నెల చూద్దాం అన్నాడు."

ఏసహెల్ చాలాసేపు ఆ పొగను చూశాడు. యంత్రం కూడా తన వ్యాపారమే చేస్తోందని ఇంకో రోజైతే చమత్కరించేవాడు.

"అందరూ అచ్చం నువ్వేననేవారు" అంది మెహిటబెల్. "ఆ వయసులో నేనెలా ఉండేదాన్నో నాకేం గుర్తు? మా అన్ననడిగితే బాగానే ఉండేదానివి అంటాడు. నన్ను కుదురుగా చూసిన మనిషి ఈ లోకంలో మీరొక్కరే ఏసహెల్ గారూ. ఆరు వారాలు చూశారు. అందుకే వచ్చాను. ఆ ముఖం దానికి వేసిపెట్టండి."

పొయ్యి మీద బీన్సు కలుపుతున్న కెజయా మరిది వైపు చూసింది. ప్రతి మార్చిలో చించేసిన కాగితాలతో పొయ్యి రాజేసింది ఆమే.

"చూశాను" అన్నాడు ఏసహెల్. అది అబద్ధమో, నిజమో, తీర్పు చెప్పాలంటే జడ్జి కావాలి. "కిటికీ దగ్గర కూర్చోండి."

"ఇప్పుడా? ముఖాలు వసంతంలో కదూ?"

"ఇప్పుడే."

అటకెక్కి ఉన్నిగుడ్డ మూట దింపాడు. ఆమెకు కనపడకుండా కాన్వాసును తన వైపు తిప్పుకుని బిగించాడు. రంగు నూరాడు.

మొదటి రోజు ఏమీ కుదరలేదు. ఎదురుగా ఒక అలిసిపోయిన ముసలి ముఖం ఉంది. ముడతల్ని ఒక్కొక్కటే తీసేస్తే కింద నున్నటి గోడ మిగిలింది గాని మనిషి కనపడలేదు. రెండో రోజు కెజయా ఏదో పని మీద వచ్చి, "ఆ రోజుల్లో నువ్వు కుట్టిన గౌను ఇంకా పెట్టెలో ఉందమ్మాయ్. గౌను అలాగే ఉంది. నేనే పెరిగాను. ఇప్పుడు నాకొక చెయ్యి దూరుతుంది" అంది. మెహిటబెల్ నవ్వింది. నవ్వే ముందు ఎడమ కనుబొమ ఒక్కటే లేచింది, ఈ సంగతి నవ్వదగ్గదేనా అని విచారించినట్టు. ఆ తర్వాతే పెదవులు కదిలాయి.

అదే. ఏసహెల్ కుంచె గాల్లో ఆగిపోయింది. ఈ కనుబొమను అతను ఎరుగును. వంటగది గుమ్మంలో సూదుల పెట్టె పట్టుకుని, గోడ పొడుగునా మొండేలను చూస్తూ, ఇది లేచింది. అతను చేతుల్ని చూస్తున్నప్పుడల్లా చూపు చివర ఎక్కడో ఇది లేస్తూనే ఉంది. దాన్ని పట్టుకుంటే నుదురు వచ్చింది, కళ్ళు వచ్చాయి, ఏదో అనబోయి ఆగిన నోరు వచ్చింది. ఇరవయ్యారు మార్చిలు కాగితాల మీద వెతికిన మనిషి, పట్టుగౌను మీద, లేసు కాలరు పైన, నిదానంగా తల తిప్పి అతని వైపు చూసింది.

"మాటాడరేం?" అంది ఎదుట కూర్చున్న మెహిటబెల్.

"పోలిక చూస్తున్నాను."

"దానికి గడ్డం మీద చిన్న సొట్ట ఉండేది. అది నాది కాదు. వాళ్ళ నాన్నది."

ఏసహెల్ కుంచె కింద పెట్టాడు. ఇన్నేళ్ళు ఎదురుచూసిన ముఖంలో డోరస్ విల్‌కాక్స్‌కు కూడా కాస్త చోటు ఇవ్వవలసి వస్తుందని అతను ఏ వసంతంలోనూ అనుకోలేదు. సన్నని కుంచె తీసుకున్నాడు. సొట్ట ఎంత లోతని అడిగాడు. ఆమె తన గడ్డం మీద వేలితో నొక్కి చూపించింది. అలాగే పెట్టాడు. అది పెట్టాక ముఖం మెహిటబెల్‌ది కాకుండా పోయింది. పూర్తిగానూ పోలేదు.

మూడో రోజు మధ్యాహ్నం కాన్వాసును ఆమె వైపు తిప్పాడు.

మెహిటబెల్ కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది. "లోయిస్" అంది. పిలిచినట్టు అంది. బొమ్మ దగ్గరగా వెళ్ళి నిలబడింది. చాలాసేపు ముఖమే చూసింది. తర్వాత చూపు నెమ్మదిగా కిందికి దిగింది. కాలరు. చేతుల మీద పట్టు. లేసు. సూది. ఎడమ చెయ్యి.

ఉడికిపోయిన బీన్సును ఇంకోసారి చూసి రావాలని కెజయాకు గట్టిగా అనిపించి అవతలికి వెళ్ళింది.

"లోయిస్ వేళ్ళు తిన్ననివి" అంది మెహిటబెల్.

"దిద్దేస్తాను. ఓ చుక్క రంగు చాలు."

"తిన్నగా చేస్తే అది ఎవరి చెయ్యి అవుతుంది?" ఆమె తన ఎడమ చెయ్యి ఎత్తి బొమ్మలోని చేతి పక్కన పట్టుకుంది. ఒకటి ముడతలు పడింది. ఒకటి పడలేదు. "దీన్ని ఇన్నాళ్ళూ ఎక్కడ పెట్టారు?"

"బండిలో."

"ప్రతి ఏడూనా?"

"దారిలో ఎక్కడైనా మీ ఇల్లు తగులుతుందేమోనని."

"ఒహాయో ఈ దారుల్లో తగలదండీ."

"ఆ సంగతి జడ్జికి తెలీదు."

ఎడమ కనుబొమ ఒక్కటే లేచింది. ఈసారి పెదవులు కదల్లేదు. "మీరు వసంతంలో వచ్చారని మా అన్న రాశాడు" అంది. "ఒక నల్లకోటు వేసి వెళ్ళారని రాశాడు. ఇంకేమన్నా అన్నారేమోనని ఆ ఉత్తరం రెండుసార్లు చదివాను."

ఏసహెల్ నోరు తెరిచాడు. బయట మంచుబండి గంటలు వినిపించాయి. ఆమె అన్న తీసుకుపోవడానికి వచ్చాడు. ఏసహెల్ నోరు మూసుకున్నాడు.

పచ్చి రంగు అంటుకోకుండా చట్రం కట్టి, బొమ్మను మంచుబండిలో పైకి తిప్పి పడుకోబెట్టారు. మెహిటబెల్ దాని పక్కన కూర్చుని, చలి తగలకుండా పట్టుకున్నట్టు, అంచు మీద చెయ్యి వేసింది. బండి మలుపు తిరిగేదాకా ఏసహెల్ గుమ్మంలో నిలబడ్డాడు. ముఖం కాన్వాసు మీదికి రావాలని కోరుకున్నాడు, వచ్చింది. ఇంకొకరి పేరుతో వచ్చి, ఇంకొకరి గోడకు వెళ్ళిపోయింది. అతని దగ్గర ఎర్రని ఉన్నిగుడ్డ మిగిలింది. అందులో కాన్వాసు మూలలు పడిన మడతలు ఇంకా అలాగే ఉన్నాయి.

రెండు వారాలు కొత్త ఒళ్ళేమీ మొదలుపెట్టలేదు. ఫిబ్రవరి వచ్చింది. ఒక ఉదయం కెజయా పిండి పీపా మూత కోసం వెతికితే అది మరిది ఒళ్ళో కనిపించింది. దాని మీద బొగ్గుతో ఒక ముఖం. కళ్ళజోడు, ముడతలు, లేచిన ఎడమ కనుబొమ. ఎదురుగా ఎవరూ లేరు. చూడకుండా గీశాడు.

కెజయా మూతను చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టుకుంది. "వచ్చిందే! ఉన్నదున్నట్టు వచ్చింది." తర్వాత కింద వేలు పెట్టింది. "మరి మెడ కింద?"

"ఒళ్ళుదేముంది వదినా. వసంతంలో వేస్తా."

కెజయా మూతను బల్ల మీద పెట్టింది. నడుం మీద రెండు చేతులూ పెట్టుకుంది.

"మరిదీ, నేను ముసలిదాన్ని. నాలుగు మాటలు చెప్పే ఓపిక లేదు, రెండే చెప్తాను. నది గడ్డకట్టి ఉంది. ఇది ఫిబ్రవరి."

ఏసహెల్ ఆమె వైపు చూశాడు. మూత వైపు చూశాడు. లేచి, నల్లకోటు తొడుక్కున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా ఎందరికో వేసిన కోటే గాని, తన ఒంటి మీద దాన్ని అతనెప్పుడూ పెద్దగా పట్టించుకోలేదు. గుండీలు తిన్నగా పెట్టుకున్నాడు. చేతులు జేబుల్లో దాచబోయి, మానుకున్నాడు. పక్కింటివాళ్ళ మంచుబండి అడిగి తెచ్చి, కొట్టంలోంచి గుర్రాన్ని తోలుకొచ్చి కట్టాడు.

మూడో జడ్జి ఫిబ్రవరిలో ఎన్నడూ బయటికి రాలేదు. కూడలిలో, ఒకప్పుడు సింహం వేలాడిన చోట, అది ఆగింది. వెనక్కి తిరిగితే కొట్టానికి దారి, కుడికి తిరిగితే బర్చ్ హాలోకు. తల వంచి రెండు పక్షాల వాదనా విన్నది. ఏసహెల్ ఈసారి కళ్ళాలు కాస్త కదిపి, "తొందరగా తేల్చవయ్యా" అన్నాడు.

జడ్జి కుడికి తిరిగింది.